బడి ప్రతిజ్ఞలో దేవుడి పేరు ఎందుకు?

దేశమంతటా బడిపిల్లలు కుడిచెయ్యి ముందుకు చాచి చెప్పే ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టింది. 1962లో, చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని రాశారు. ఆయన నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టినవారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో ఆ ప్రతిజ్ఞ అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1964లో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగుళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దాన్ని అన్ని భాషల్లోకీ అనువదించి బడుల్లో చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. చాలా ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గానీ రాసినాయన పేరు ఉండేది కాదు.

ఆ ప్రతిజ్ఞలో దేశం ఉంది, తోటి మనుషులు ఉన్నారు, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ పెద్దలూ ఉన్నారు, చివరికి జంతువుల పట్ల దయ కూడా ఉంది. దేవుడు లేడు. యుద్ధభయంతో దేశమంతా ఉద్రేకంగా ఉన్న రోజుల్లో కూడా, దేశం మీద ప్రేమ చెప్పడానికి ఆయనకు దేవుడి పేరు అవసరం కాలేదు. ఈ సంగతిని మనం ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన సమయం వచ్చిందని నేను అనుకుంటున్నాను.

ఎందుకంటే ప్రతిజ్ఞ ఒక్కటే విడిగా జరగదు. పొద్దున్న పిల్లలు వరసల్లో నిలబడే ఆ పదిహేను నిమిషాలను మన ఊళ్లలో ఏమంటామో గుర్తు చేసుకోండి. "ప్రార్థన" అంటాం. "ప్రేయర్ బెల్లు కొట్టారు" అంటాం. "ప్రేయరుకి ఆలస్యమైతే గుంజీలు తీయిస్తారు" అని పిల్లలు పరుగెత్తుతారు. జాతీయ గీతం, ప్రతిజ్ఞ, వార్తలు, హాజరు, గోళ్లు కత్తిరించుకున్నారా లేదా అన్న తనిఖీ, అన్నీ ఆ ప్రార్థనలోనే. చాలా చోట్ల ముందు ఒక శ్లోకం ఉంటుంది. ఎక్కడ ప్రార్థన అయిపోయి పౌరసత్వం మొదలవుతుందో పదేళ్ల పిల్లకి తెలియదు. ఆమాటకొస్తే చాలామంది పంతుళ్లకీ తెలియదు.

ఈ చర్చ కొత్తదేం కాదు. 1998లో ఢిల్లీలో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో సరస్వతీ వందనం పెట్టినందుకు పలు రాష్ట్రాల మంత్రులు బయటకు నడిచారు. కేంద్రీయ విద్యాలయాల్లో సంస్కృత ప్రార్థనను తప్పనిసరి చేయడం రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్నను 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచి మరింత పెద్ద ధర్మాసనం పరిశీలించాలని చెప్పింది. 2025లో వందేమాతరం గీతానికి నూటయాభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ పాటలోని ఏ చరణాలు ఎవరు ఎందుకు పాడాలన్న వాదన పార్లమెంటు దాకా వెళ్లింది. ఈ వాదనలన్నింటిలో మతపెద్దల గొంతులు వినబడ్డాయి, పార్టీ నాయకుల గొంతులు వినబడ్డాయి. వరసలో నిలబడ్డ ఆడపిల్ల గొంతు గానీ, ఆమె తల్లి గొంతు గానీ వినబడలేదు. అందుకే ఇది స్త్రీల పత్రికలో రాయవలసిన విషయం అనిపించింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్రభుత్వ బడిలో అందరిచేతా చెప్పించే దేశభక్తి పాఠంలో ఏ మతానికి చెందిన మాటా ఉండకూడదు. "ఇష్టం లేనివాళ్లు చెప్పనక్కర్లేదు" అని మినహాయింపు ఇస్తే సరిపోతుందని చాలామంది మంచివాళ్లు అంటున్నారు. అది సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ వ్యాసం.

గోదావరి తీరం అనుభవం

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఈ మాట అంటే చాలు, "మీకు వందేమాతరం అంటే పడదా?" అని అడుగుతారు. గోదావరి జిల్లాల వాళ్లకి ఆ మాటతో ఉన్న సంబంధం ఇంకెవరికీ లేదు. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగులో చెప్పారు. ఆ వేడిలో అక్కడి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్లమీద చర్య తీసుకున్నాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. అదే ఏడాది కాకినాడలో ఆ మాట అన్నందుకు ఒక కుర్రాణ్ణి కెంప్ అనే ఇంగ్లీషు వైద్యాధికారి కొట్టాడు. ఊరు తిరగబడింది. 1938లో హైదరాబాదులో ఉస్మానియా విద్యార్థులు హాస్టల్ ప్రార్థనాగదిలో అదే గీతం పాడారని వందలమందిని బయటకు పంపారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లకి చోటిచ్చింది.

ఆ విద్యార్థుల్ని మనం గౌరవిస్తాం. దేనికి గౌరవిస్తాం? వాళ్ల నోట ఆ మాట అధికారి పెట్టింది కాదు. అధికారి వద్దన్నా వాళ్లే ఎంచుకున్నది. చదువు పోతుందని తెలిసీ పలికారు. అదే మాటను హాజరుపట్టీ చేత్తో పట్టుకుని "గట్టిగా, అందరూ" అని పలికిస్తే, పిల్లవాడు నిలబడ్డది హరిసర్వోత్తమరావు స్థానంలో కాదు. పలికించేవాళ్లు మార్క్ హంటర్ కుర్చీలో కూర్చున్నట్టు. నోరు మూయించడం, నోరు తెరిపించడం ఒకే అధికారానికి రెండు పనులు.

స్వాతంత్ర్యోద్యమ నాయకులకు ఈ తేడా తెలుసు. 1937లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ రవీంద్రనాథ్ ఠాగూర్ సలహా తీసుకుని, దుర్గాదేవి ప్రస్తావన వచ్చే చరణాలు వదిలేసి, మొదటి రెండు చరణాలే సభల్లో పాడాలని నిర్ణయించింది. పాటను తీసెయ్యలేదు. అందరూ కలిసి పాడదగ్గంత వరకు తీసుకున్నారు. కలిసి పలికే మాటకు ఒక నియమం ఉండాలి, అది అందరి నోటికీ సరిపోవాలి అన్న ఇంగితం అది.

ముగ్గురు పిల్లల కేసు

1985 జులైలో కేరళలో ఒక బడి నుంచి ముగ్గురు తోబుట్టువులను వెళ్లగొట్టారు. వాళ్లు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ ప్రార్థన చెయ్యకూడదని వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఒక శాసనసభ్యుడు సభలో ప్రశ్న లేవనెత్తాక విచారణ కమిషన్ వచ్చింది. పిల్లలు చట్టానికి లోబడి నడిచేవాళ్లేనని, ఎటువంటి అగౌరవమూ చెయ్యలేదని కమిషన్ చెప్పింది. అయినా పైఅధికారి ఆదేశం ప్రకారం హెడ్మిస్ట్రెస్ వాళ్లను బయటకు పంపింది. హైకోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేసింది.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారు. లేచి నిలబడడమే గౌరవం, పాడమని బలవంతం చేసే చట్టమేదీ లేదు, మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉంది, సహనం మన సంప్రదాయం గనక దాన్ని పల్చన చేసుకోవద్దు అన్నది ఆ తీర్పు సారాంశం. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కూడా గీతాన్ని పాడనివ్వకుండా అడ్డుకునేవాళ్లనీ పాడే సభను భంగపరిచేవాళ్లనీ శిక్షిస్తుంది. నిశ్శబ్దంగా నిలబడ్డవాళ్లను కాదు.

న్యాయగ్రంథాల్లో ఈ కేసును బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. బిజో ఆ ఇంటి అబ్బాయి. మిగతా ఇద్దరూ ఆడపిల్లలు, బినుమోల్, బిందు. చిన్నమ్మాయి అప్పటికి ఐదో తరగతి. అమెరికాలో 1943లో ఇలాంటి కేసే గెలిచింది కూడా ఇద్దరు అక్కచెల్లెళ్లు. వెస్ట్ వర్జీనియాలో జెండాకు వందనం చెయ్యనన్నందుకు వాళ్లను బడి నుంచి పంపేశారు. ఆ కేసు వాళ్ల తండ్రి పేరుతో నిలిచింది. చిన్నప్పరెడ్డిగారి తీర్పులో దాని ప్రస్తావన ఉంది. బడి బయట నిలబడిన పిల్లల్లో ఆడపిల్లలున్నారు. చరిత్రకెక్కిన పేర్లు మాత్రం అన్నదీ నాన్నదీ. మనం ఇలాంటివి చూసీ చూసీ అలవాటుపడిపోయాం. అయినా చెప్పుకోవాలి.

మినహాయింపు ఎవరికి అందుతుంది?

ఇక్కడిదాకా వచ్చాక, "మరి తీర్పు ఉంది కదా, నచ్చనివాళ్లు మౌనంగా నిలబడవచ్చు కదా, పాఠం మార్చడమెందుకు?" అంటారు. ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. రావులపాలెం చుట్టుపక్కల పేటల్లో దొరికింది.

కోనసీమకు ముఖద్వారం అని రావులపాలేనికి పేరు. గౌతమీ, వసిష్ఠ పాయల మధ్య, జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. అక్కడి అరటి మార్కెట్టు నుంచి గెలలు లారీల్లో దూర రాష్ట్రాలకు వెళ్తాయి. ఆ తోటల్లోనూ మార్కెట్లోనూ కూలికి వెళ్లే స్త్రీల జీవితాల గురించి సమాచారం సేకరిస్తూ నేను కొన్నాళ్లు ఆ ప్రాంతంలో తిరిగాను. బడి గురించి అడగాలని వెళ్లలేదు. ఆడపిల్లల చదువు మాట వచ్చినప్పుడు ఒక తల్లి తనంతట తానే అంది: "మా పాప శ్లోకమప్పుడు నోరు కదుపుద్దండి, చదవదు. కదపకపోతే మాస్టారు అడుగుతారు కదండీ." అడిగితే చెప్పవచ్చు కదా, అది మీ హక్కు కదా అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "చెబితే పేరు రాసుకుంటారండి. రాసుకుంటే సర్టిఫికెట్టు సంగతేంటండి?" అంది.

ఈ మాటలోని భయం అర్థం కావాలంటే ఒక చట్టం గురించి చెప్పుకోవాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట్లో హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది. క్రైస్తవులకూ ముస్లిములకూ లేదు. క్రైస్తవం తీసుకున్న మాల మాదిగ కుటుంబాలను మన రాష్ట్రంలో బీసీ-సి కింద చేర్చారు. అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని గోదావరి జిల్లాల్లో ఎన్నో దళిత కుటుంబాలు ఆదివారం చర్చికి వెళ్తాయి, కాగితం మీద హిందువులుగా ఉంటాయి. ఇది మోసం అనేవాళ్లున్నారు. మతం మారినంత మాత్రాన మారని అంటరానితనాన్ని మతం మారితే మారినట్టు లెక్కగట్టే చట్టాన్ని ఏమనాలో వాళ్లు చెప్పాలి. క్రైస్తవం ఆచరించే వ్యక్తికి ఎస్సీ హోదా గానీ అట్రాసిటీ చట్టం రక్షణ గానీ ఉండవని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పాక ఈ భయం పెరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మినహాయింపు సంగతి ఆలోచించండి. "మా మతం ఒప్పుకోదు, మా పిల్లకు ఈ శ్లోకం మినహాయించండి" అని హెడ్మాస్టారికి చెప్పాలంటే ముందు "మా మతం ఇది" అని చెప్పాలి. ఆ ఒక్క వాక్యంతో ఆ పిల్ల స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, రేపటి కాలేజీ సీటు, ఎల్లుండి ఉద్యోగం ప్రమాదంలో పడవచ్చు. నిజంగా పడతాయా లేదా అన్నది తర్వాత సంగతి. పడవచ్చునన్న భయం చాలు, ఆ తల్లి నోరు మూతపడడానికి. కేరళ పిల్లలు కోర్టుకు వెళ్లగలిగారు, ఎందుకంటే వాళ్లు క్రైస్తవులమని బాహాటంగా చెప్పుకోగలరు. రావులపాలెం పక్కన పేటలోని పిల్ల చెప్పుకోలేదు. అందరికీ ఉన్నదంటున్న హక్కును వాడుకోవడానికి ఎవరికి ఎక్కువ ఖర్చవుతుందో చూడకుండా హక్కుల గురించి మాట్లాడడం మనం ఎప్పుడో మానేశాం కదా! వరకట్నం కేసుల్లో, కూలి రేట్ల విషయంలో, భూమి పట్టాల విషయంలో మనం నేర్చుకున్న పాఠమే ఇదీ.

పేర్ల మీదా మాటల మీదా ఎంత మంట పుడుతుందో కోనసీమకు కొత్తగా చెప్పనక్కర్లేదు. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరులో ఏముంది అనేవాళ్లు ఆ రోజును గుర్తు చేసుకోవాలి. ఆ వాతావరణంలో పెరిగే పిల్ల తరగతిలో తానొక్కతే వేరని చేయెత్తి ప్రకటించాలని మనం ఎలా అడుగుతాం?

ఎవరి అంతరాత్మ?

మినహాయింపులో రెండో చిక్కు మనకు ఇంకా దగ్గరిది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న ఇతర బడుల్లో కూడా మతబోధనలో, ప్రార్థనలో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతి ఉండాలి. సంరక్షకులంటే ఎవరు? కాగితాల మీద సాధారణంగా తండ్రి. కోనసీమ నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతున్నారు. డబ్బు పంపేది తల్లి, పెంచేది అమ్మమ్మ, సంతకం మాత్రం తండ్రిది. ఆయన వెనక సంఘపెద్దో, పాస్టరో, కులపెద్దో, మసీదు కమిటీయో ఉండవచ్చు.

అంటే మినహాయింపు పద్ధతిలో పిల్ల అంతరాత్మను రాజ్యం చేతిలోంచి తీసి తండ్రి చేతిలో పెడుతున్నాం. ఆ పిల్లకే శ్లోకం ఇష్టమైతే? తరగతిలో అందరితో కలిసి గొంతు కలపాలని ఉంటే? "మా మతం ఒప్పుకోదు" అన్న మాట ఆడపిల్లల్ని ఆటలకి, యాత్రలకి, చదువుకి దూరం చెయ్యడానికి ఎన్నిసార్లు వాడారో మనకు తెలుసు. చిన్నప్పరెడ్డి తీర్పు వచ్చిన 1986లోనే షాబానో తీర్పును తిరగరాస్తూ ముస్లిం మహిళల చట్టం వచ్చింది. మైనారిటీ హక్కు అన్న పేరుతో స్త్రీల హక్కు ఎలా పక్కకు పోతుందో ఆ ఏడాదే చూశాం. ఆ తర్వాత ఉమ్మడి పౌరస్మృతి నినాదాన్ని మెజారిటీ మతతత్వం చేతిలోకి తీసుకున్నప్పుడు, రాజ్యం వైపు పూర్తిగా ఒరగడం కూడా ప్రమాదమేనని తెలుసుకున్నాం. ఈ రెండు అనుభవాలూ ఒకే చోటికి తీసుకొస్తాయి. పిల్ల నోట రాజ్యమూ మతాన్ని పెట్టకూడదు, ఆమెను వరసలోంచి పక్కకు లాగే అధికారం ఇంటి మగవాళ్లకూ దక్కకూడదు. ఉమ్మడి పాఠంలోనే మతం లేకపోతే ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. పిల్ల తన నమ్మకాన్ని తనకు వయసొచ్చినప్పుడు తానే తేల్చుకుంటుంది.

"ఇది మతం కాదు, సంస్కృతి"

ఈ వాదన చదువుకున్నవాళ్ల దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. సరస్వతి అంటే చదువు, దీపం అంటే జ్ఞానం, ఇందులో మతమేముంది అంటారు. ఇది నిజాయితీగా అనేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లతో నాకు తగువు లేదు. కానీ ఒక మాట. ఏ సంస్కృతి మనదో దాని అంచులు మన కంటికి కనపడవు. ఉక్కపోతలో పుట్టినవాడికి ఉక్కపోత తెలియనట్టే. అది అవతలివాళ్లకి మతంగా కనిపిస్తుంటే, "కాదు, సంస్కృతే" అని తేల్చే అధికారం మనకెక్కడిది? పైగా అది నిజంగా సంస్కృతే అయితే దాన్ని పాఠంగా చెప్పండి, సాంస్కృతిక కార్యక్రమంలో పాడించండి, అర్థం వివరించండి, చర్చించండి. చేతులు జోడించి కళ్లు మూసుకోమనడం ఎందుకు?

ఇదే విషయాన్ని సముద్రం అవతలి నుంచి చూడండి. అమెరికాలో బడిపిల్లలు చెప్పే ప్రతిజ్ఞ 1892లో రాసినప్పుడు దానిలో దేవుడు లేడు. 1954లో, కమ్యూనిస్టు రష్యాకు తాము భిన్నమని చూపించుకోవడానికి, దేశం దేవుడి కింద ఉందన్న మాట చట్టం చేసి చేర్చారు. అది మతం కాదు, మా ఆచారం అని అక్కడి మెజారిటీ అంటుంది. దాన్ని సవాలు చేసిన తండ్రి కేసును 2004లో సుప్రీంకోర్టు అసలు ప్రశ్న తేల్చకుండానే కొట్టేసింది. బిడ్డ విషయంలో తుది నిర్ణయాధికారం తల్లిదని, కేసు వేసే అర్హత ఆ తండ్రికి లేదని కారణం చెప్పింది. అక్కడా పిల్ల మాట ఎవరూ అడగలేదు. ఆ ప్రతిజ్ఞ చెప్పే బడుల్లో ఈనాడు మన తెలుగు పిల్లలు వేలమంది ఉన్నారు. ఆ దేవుడు ఎవరి దేవుడని వాళ్లు ఇంటికొచ్చి అడిగితే కోనసీమ నుంచి వెళ్లిన తల్లిదండ్రులు ఏం జవాబు చెప్తారో, ఆ జవాబునే రావులపాలెంలోని క్రైస్తవ, ముస్లిం, నాస్తిక పిల్లల తల్లిదండ్రుల నోట ఊహించుకోవాలి. నాస్తికుల మాట నవ్వులాటకు అనడం లేదు. దేవుణ్ణి నమ్మడం లేదన్నందుకు 1933లో గోరాను కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం నుంచి తీసేసింది.

మరికొందరు గాంధీగారి సర్వమత ప్రార్థనను గుర్తు చేస్తారు. అన్ని మతాల మాటలూ చేర్చితే గొడవ ఉండదంటారు. గాంధీగారి ప్రార్థనకు వచ్చేవాళ్లు ఇష్టపడి వచ్చారు, హాజరు వేయించుకోవడానికి రాలేదు. బడిలో అలా చేస్తే ఏ మతానికి ఎన్ని నిమిషాలన్న లెక్క మొదలవుతుంది. మతం లేనివాళ్లకు, పోచమ్మనీ గంగానమ్మనీ కొలిచేవాళ్లకు అందులో చోటెవరిస్తారు?

స్త్రీలుగా మనం అడగవలసింది ఇంకొకటుంది. దేశాన్ని దేవతగా, తల్లిగా చూపే పాటలు మనకు చాలా ఉన్నాయి. అవి ఒకప్పుడు ఎందరినో కదిలించాయి, కాదనను. అయితే గోడ మీద సింహం పక్కన నిలబడ్డ తల్లికి దండం పెట్టించిన బడిలోనే ఆడపిల్లలకు మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉండదు. తల్లి అన్న మాటలో పవిత్రత పెరిగేకొద్దీ, ఆ పవిత్రతను కాపాడే బాధ్యత ఆడవాళ్ల ఒంటిమీద పడుతుంది. బట్టల మీద, నడక మీద, పెళ్లి మీద ఆంక్షలుగా అది తిరిగొస్తుంది. దేశం దేవత కానక్కర్లేదు. మనుషులు ఉండే చోటైతే చాలు.

రాజ్యాంగ సభలో ఒక స్త్రీ అన్న మాట

1949 అక్టోబరు 17న రాజ్యాంగ ప్రవేశిక మీద చర్చ జరిగింది. అది భగవంతుడి పేరిట మొదలు కావాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. అప్పుడు పూర్ణిమా బెనర్జీ లేచి, దేవుణ్ణి ఓటుకు పెట్టే ఇబ్బంది మాకు కలిగించవద్దని ఆయన్ను కోరింది. ఆమె దేవుడికి వ్యతిరేకంగా మాట్లాడలేదు. పవిత్రమనుకునే విషయాన్ని మెజారిటీ మైనారిటీ లెక్కలోకి దించవద్దంది. కామత్ వినలేదు, ఓటింగు జరిగింది. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. అందుకే మన రాజ్యాంగం "మేము, భారత ప్రజలము" అని మొదలవుతుంది. ఆ సభలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి కూడా సభ్యురాలు.

అదే రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులూ శాసనసభ్యులూ ప్రమాణం చేసేటప్పుడు దేవుడి పేరు మీదైనా చెయ్యవచ్చు, మనస్సాక్షి మీదైనా చెయ్యవచ్చు. ఎంచుకున్నందుకు కారణం ఎవరూ అడగరు. జీతం, కారు, పోలీసు రక్షణ ఉన్న పెద్దమనిషికి ఇచ్చిన ఈ వెసులుబాటు, పుస్తకాల సంచీ తప్ప ఏమీ లేని పిల్లకు ఎందుకు లేదు? శాసనసభ్యుడైతే రెండు మాటల్లో ఒకటి ఎంచుకుంటాడు. పిల్లకు ఎంచుకోవడమే ప్రమాదం గనక, ఆమెకు రెండో మాట ఒక్కటే ఉండడం న్యాయం.

మనం చెయ్యగలిగినవి

ఇది సుప్రీంకోర్టు తేల్చేదాకా ఆగవలసిన విషయం కాదు. మన చేతిలో ఒక పరికరం ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది స్త్రీలుండాలి, వెనుకబడిన వర్గాలకు తగినంత ప్రాతినిధ్యం ఉండాలి. చాలా ఊళ్లలో ఈ కమిటీ సంతకాలకే పరిమితం. స్త్రీలతో పనిచేసే సంఘాలు ఈ కమిటీల్లో కూర్చునే తల్లులకు తోడుగా నిలిస్తే చాలా సంగతులు ఊళ్లోనే తేలతాయి.

అడగవలసినవి పెద్దవేమీ కాదు. పొద్దుటి సమావేశాన్ని "ప్రార్థన" అనడం మానమని అడగాలి. "సమావేశం" అన్నా, "అసెంబ్లీ" అన్నా పిల్లలు వారంలో అలవాటు పడతారు. ప్రతిజ్ఞను సుబ్బారావుగారు రాసినట్టే, ముందూ వెనకా ఏ శ్లోకమూ అతికించకుండా చెప్పించమని అడగాలి. జాతీయ గీతమప్పుడు లేచి నిలబడితే చాలు, పాడలేదేమని ఏ పిల్లనీ అడగకూడదు, ఎవరి పేరూ రాసుకోకూడదు అని తీర్మానం చేయించాలి. పండగలు, పాటలు, కథలు అన్ని మతాలవీ పాఠాల్లో రావాలి, తెలుసుకోవడం కోసం రావాలి. ఇక ప్రతిజ్ఞలోని మాటల అర్థం తరగతిలో చర్చించాలి. అందులో భారతీయులందరూ తోబుట్టువులే అని చెప్పిన పిల్లలు మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నారో, వంటమ్మది ఏ కులమని ఎవరు అడుగుతున్నారో మాట్లాడుకోవాలి.

సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక హెచ్చరిక కూడా. ఈ సమస్య మీద సర్వే చేస్తామని బయలుదేరి, ఏ ఇంటి మతమేదో కాగితం మీదికి ఎక్కించవద్దు. ఆ తల్లి దేనికి భయపడిందో ఆ పనే మనం చేసినవాళ్లమవుతాం. ఏ బడిలో ఏం చదివిస్తున్నారో రాసుకుంటే సరిపోతుంది, ఏ పిల్ల ఎందుకు చదవడం లేదో మనకు అక్కర్లేదు.

మతం మీద నమ్మకమున్న స్త్రీలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. శుక్రవారం గుడికి వెళ్లేవాళ్లున్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు, రంజాను ఉపవాసాలుండేవాళ్లున్నారు. ఈ ప్రతిపాదన వాళ్ల నమ్మకానికి వ్యతిరేకం కాదు. ఇంట్లోనూ గుడిలోనూ చర్చిలోనూ మసీదులోనూ తమ ఇష్టప్రకారం చెప్పుకునే ప్రార్థనకు విలువ ఉంది. బెత్తం భయంతో నోరు కదిపే పిల్ల పెదాల మీద ఆ ప్రార్థనకు విలువేముంది? ఈ ప్రశ్నను ముందు మన సంఘాల సమావేశాల్లో పెట్టి చర్చించుకుందాం. వచ్చే విద్యాసంవత్సరం బడులు తెరిచేలోగా కనీసం మనం పనిచేసే ఊళ్లలోనైనా యాజమాన్య కమిటీల ముందుకు తీసుకువెళదాం.